ఎడమ చేతి వాటం

స్టాఫ్ మీటింగులో నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. ఆ ఏడు మా కాలేజీలో ఆటలు నేర్పే ఆవిడ బదిలీ మీద వెళ్ళిపోయింది, ఆవిడ స్థానంలో ఎవరూ రాలేదు. అందుకని ఆడపిల్లలకి సాయంత్రం ఆటల గంట ఎత్తేస్తామన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఎత్తేయడానికి అదేమన్నా పెళ్ళిపందిరా అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అయితే మీరే చూసుకోండి" అన్నారు. అంతే. అర్థశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని, నలభై మూడేళ్ళ వయసులో, బ్యాటుతో బంతిని కొట్టి పరిగెత్తే సాఫ్ట్‌బాల్ జట్టుకి దిక్కునయ్యాను. చదువుకునే రోజుల్లో నేను ఆడింది రింగ్ టెన్నిస్ ఒక్కటే. బీరువాలో దొరికిన ఓ బొమ్మల పుస్తకమే నాకు గురువు.

జట్టులో పదమూడు మంది. పన్నెండు మందికి అది కాలక్షేపం, ఒక్కదానికి కాదు. పామర్రు అవతల ఓ పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల. తండ్రి కూలిపనికి వెళ్ళేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. స్కూల్లో బాగా పరిగెత్తిందని మా హాస్టల్లో ఉచితంగా సీటిచ్చారు. దానికో షరతు పెట్టారు. సంక్రాంతి సెలవుల తర్వాత జరిగే సెలక్షన్లో యూనివర్సిటీ జట్టుకి ఎంపిక కావాలి. కాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సీటు పోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆఖరు. రోజూ వచ్చిపోయే దూరం కాదు, కాలేజీ ఉన్న ఊళ్ళో పెట్టుకోవడానికి చుట్టాలూ లేరు.

పరుగు ఉంది, ఎలాంటి బంతినైనా పట్టే చెయ్యి ఉంది. కొట్టడమే రాదు.

అక్టోబరు నుంచి రోజూ సాయంత్రం ఆ ఒక్క పిల్లకీ విడిగా గంటసేపు నేర్పేదాన్ని. పాత మేజోడులో బంతి పెట్టి, జామచెట్టు కొమ్మకి తాడుతో వేలాడదీసి కొట్టించాను. పుస్తకంలో బొమ్మ చూపించి పాదాలెక్కడ పెట్టాలో సుద్దతో గీశాను. ముందు నడుము తిరగాలి, ఆ వెనకే చేతులు రావాలి, బ్యాటు భూమికి సమంగా సాగాలి అని వందసార్లు చెప్పాను. ఆ పిల్లకి చేతులు ముందొచ్చేవి, నడుము రాయిలా ఉండిపోయేది. బంతి దగ్గరికి వచ్చేసరికి బ్యాటు తల వాలిపోయేది.

"ఏమ్మా, బంతిని కొడుతున్నావా, ఈగల్ని తోలుతున్నావా?"

"కొడుతున్నానండి."

"దానికి తెలియడం లేదు."

నవ్వేది కాదు. తల వంచుకుని మళ్ళీ నిలబడేది. ఎదురు చెప్పని పిల్లలంటే నాకు విసుగు. నాలుగు మాటలు అంటే రెండన్నా తిరిగి రావాలి.

భవానీపురంలో ఇల్లు చేరేసరికి నా మోకాళ్ళు రెండూ గోల పెట్టేవి. మావారు వరండాలో పేపరు మడతపెట్టి, "కోచ్‌గారూ, ఈ పేదవాడికి కాఫీ యోగం ఉందా?" అనేవారు.

"డికాక్షన్ పొద్దుటే వేసి వెళ్ళాను. పాలు కలుపుకోవడం కూడా బొమ్మలు గీసి నేర్పాలా?"

లేచి కలుపుకునేవారు, నాక్కూడా ఇచ్చేవారు. అది తాగి, మర్నాటి పాఠానికి నోట్సు చూసుకుంటూ కుర్చీలోనే కునికేదాన్ని.

డిసెంబరు దాటింది. పదిలో రెండు తగిలితే గొప్ప. ఆ పిల్లకి ఈ ఆట రాదని నా మనసులో తీర్మానం అయిపోయింది. ఆ మాట పైకి అనలేక నేర్పడం ఒక్కటే మానలేదు.

ఒక ఆదివారం వార్డెన్ ఏదో పని ఉందంటే హాస్టల్‌కి వెళ్ళాను. పెరట్లో పిల్లలు పరుపులు, బొంతలు ఎండేశారు. ఈ పిల్ల దండెం మీద బొంత వేసి కర్రతో దుమ్ము దులుపుతోంది. నావైపు వీపు ఉంది, నన్ను చూడలేదు. దెబ్బ పడినప్పుడల్లా తుంట్ల దగ్గర నుంచి ఒళ్ళంతా తిరుగుతోంది, కర్ర సమంగా వచ్చి బొంత నడిమధ్యన తగులుతోంది. చప్పుడు ప్రహరీకి కొట్టి మళ్ళీ వినిపిస్తోంది. మూడు నెలలు నేను గొంతు చించుకున్న స్వింగు అదే. కాకపోతే కుడి భుజం ముందుకి ఉంది. కర్ర మీద ఎడమ చెయ్యి పైన ఉంది.

"ఆగు" అన్నాను.

ఉలిక్కిపడి కర్ర కుడిచేతిలోకి మార్చుకుంది, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

"నీది ఎడమ చేతి వాటమా?"

"లేదండి."

"అబద్ధం చెప్పకు."

"చిన్నప్పుడు ఉండేదండి. మా నాయనమ్మ అన్నం తినేటప్పుడు ఎడం చెయ్యి వెనక్కి కట్టేసేది. బళ్ళో పంతులుగారు బెత్తంతో కొట్టేవారు. మానేశానండి."

"మరి ఇదేమిటి?"

"ఎవరూ లేరు కదాని..."

"మూడు నెలల నుంచి నాకెందుకు చెప్పలేదే?"

అప్పుడు తలెత్తింది. "మొదటి వారం బంతి ఎడం చేత్తో ఇచ్చానని తిట్టారు కదండి. 'పెద్దవాళ్ళకి అలాగేనా ఇచ్చేది, ఇంట్లో ఎవరూ నేర్పలేదా' అన్నారు."

అన్నాను. గుర్తుంది. క్లాసులో మూఢాచారాల మీద గంటల తరబడి మాట్లాడే మనిషిని, ఇంట్లో చిన్నప్పుడు నూరిపోసింది ఆ క్షణంలో ఆలోచన లేకుండా నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల దాన్ని ఆటకి కూడా వర్తింపజేసుకుని, చేతకాని చేత్తో మూడు నెలలు నా ఎదుట అవస్థ పడింది. నేను దానికి ఈగల కబుర్లు చెప్పాను.

"రేపటి నుంచి అటువైపు నిలబడి కొడతావు."

"అందరూ నవ్వుతారండి."

"నవ్వనీ. వాళ్ళ సంగతి నేను చూస్తాను. ఆ పని నాకు బాగా వచ్చు."

సెలక్షన్‌కి పన్నెండు రోజులున్నాయి. సెలవులకి ఆ పిల్ల ఇంటికి వెళ్ళలేదు, మా ఇంట్లోనే ఉంది. సుద్ద గీతలు తిరగేసి గీశాను, పుస్తకంలో బొమ్మని అద్దంలో పెట్టి చూసుకున్నాను. ఇక నేర్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నేను బంతులు వేస్తూ పోవడమే, ఆ పిల్ల కొడుతూ పోవడమే. నా భుజం వాచింది. బంతి ప్రహరీ దాటి పక్కవాళ్ళ బచ్చలి పాదులో పడితే, ఆవిడతో ఓ పూట తగాదా కూడా వేసుకున్నాను.

సెలక్షన్ గుంటూరులో. నేను వేసే బంతులు వేరు, అక్కడ విసిరే అమ్మాయి వేరు. చెయ్యి గుండ్రంగా తిప్పి కింద నుంచి వదిలితే బంతి ఈల వేసుకుంటూ వచ్చేది. మా పిల్ల పదింట్లో నాలుగు తగిలించింది. తగిలినవి మటుకు మైదానం అంచు దాకా పోయాయి. తగలనివాటికి మరీ ముందో, మరీ వెనకో తిప్పింది.

సెలక్టరు పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. "దెబ్బ బ్రహ్మాండంగా ఉందండీ. వేగమైన బంతికి ఇంకా అలవాటు పడలేదు. ఎన్నాళ్ళ నుంచి ఆడుతోందండీ?"

"ఈ చేత్తో పన్నెండు రోజులు."

"అదేంటండీ? మొదట్నుంచీ ఇలాగే ఆడించకపోయారా?"

ఆ పిల్ల పక్కనే ఉంది, నావైపు చూడలేదు.

జాబితాలో పద్నాలుగు పేర్లు, ఆ కింద గీత, గీత కింద స్టాండ్‌బైలు ఇద్దరు. ఆ ఇద్దరిలో రెండో పేరు మా పిల్లది.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను.

"స్టాండ్‌బై అంటే జట్టులో లేనట్టే కదండీ" అన్నారావిడ.

"కాగితం మీద పేరు ఉందా, లేదా?"

"గీత కింద ఉంది."

"గీత కింద ఉన్నా కాగితం అదేగా."

"మీతో వాదించే ఓపిక నాకు లేదండీ."

"నాకూ లేదండీ. రాత్రి నిద్ర లేదు, భుజం ఎత్తలేకపోతున్నాను. తప్పు ఆ పిల్లది కాదు. నేను తప్పుడు చేత్తో ఆడించాను. కావాలంటే రాసి సంతకం పెట్టి ఇస్తాను."

ఆవిడ కలం కింద పెట్టేశారు. "మీరా? తప్పా?"

"ఒక్కసారికి."

చివరికి వచ్చే ఏడు సెలక్షన్ దాకా సీటు ఉంచుతానన్నారు. అప్పుడు కూడా గీత కిందే ఉంటే మాత్రం నన్ను గదిలోకి రానివ్వనన్నారు. గెలిచానన్నమాట. సంతోషం మాత్రం కలగలేదు, ఎక్కడన్నా కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది.

సాయంత్రం గ్రౌండులో ఆ పిల్లకి చెప్పాను. వింది. ఇంకో ఏడు చదువుకోవచ్చన్న సంగతి మొహంలోకి రావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత అడిగింది, "మేడమ్, అక్టోబర్లోనే ఈ చేత్తో మొదలెట్టుంటే జట్టులో ఉండేదాన్నా అండి?"

సర్దిచెప్పడానికి మాటలు నాకు తక్కువేమీ కాదు. రెండు మూడు నోటిదాకా వచ్చాయి కూడా.

"ఉండేదానివి" అన్నాను.

మా వైపు పిల్లలు ఇలాంటప్పుడు "ఫరవాలేదండి" అంటారు, పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టకుండా. ఆ మాట కోసం చూశాను. ఆ పిల్ల అనలేదు. వెళ్ళి కుడి భుజం ముందుకి పెట్టి నిలబడి, బ్యాటు ఎత్తింది.

"బంతులు వెయ్యండి, మేడమ్. ఈసారి గట్టిగా వెయ్యండి."