కుడివైపు పేజీలో ఉన్న జవాబు

పదకొండేళ్ళుగా ఒక నోటుబుక్కు దాచుకుని తిరుగుతున్నాను. ఈ మధ్యలో అద్దె ఇళ్ళు మూడు మారాను. ప్రతిసారీ అన్నిటికంటే ముందు సర్దింది దాన్నే. ఎవరికీ చూపించలేదు. అలాగని పారేయనూ లేదు. ఇప్పుడది బీరువాలో దుప్పట్ల అడుగున ఉంది. చలికాలం దుప్పటి తీయబోతే చేతికి తగులుతుంది. తగిలిన రోజు అన్నం సయించదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పుకునే ధైర్యం ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు.

చేసిన తప్పేంటో ముందే చెప్పేస్తాను. లేకపోతే మళ్ళీ మాటల చాటున దాక్కుంటాను, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఒక మనిషి నాతో 'లేదు' అని చెప్పింది. నేను 'అవును' అని రాశాను. అది అచ్చయింది. ఆమె వచ్చి అడిగితే, మీరే అన్నారని చెప్పాను. ఆమె నమ్మింది.

చెప్పడానికి ఇంతే. ఇంత చిన్న సంగతికి పదకొండేళ్ళా అనిపిస్తుందేమో మీకు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది.

తిరువూరులో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. దాంతోపాటు విజయవాడ నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికకి నెలనెలా ఒక పేజీ రాసేవాణ్ణి. కొత్త పుస్తకం వేసిన రచయిత దగ్గరికి వెళ్ళడం, ఆ పుస్తకం గురించి, రాసే అలవాటు గురించి కాసేపు మాట్లాడడం, దాన్ని ప్రశ్నలు జవాబులుగా పంపడం. జీతం వచ్చే పని కంటే ఆ పేజీ అంటేనే నాకు ఎక్కువ గర్వం. బస్సులో పక్క సీటాయన ఏం చేస్తుంటారని అడిగితే, రచయితలతో మాట్లాడుతుంటానండి అనేవాణ్ణి. ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదు.

రికార్డరు వాడేవాణ్ణి కాదు. అది ఎదురుగా పెడితే మనిషి బిగుసుకుపోతాడని నా సిద్ధాంతం. పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఉండేది. ఎడమవైపు పేజీలో నా ప్రశ్న, కుడివైపు పేజీలో వాళ్ళ జవాబు, వాళ్ళన్నది అన్నట్టుగా. ఇంటికొచ్చాక దాన్ని చక్కబెట్టేవాణ్ణి. నసుగుడు తీసేసి, ఎక్కడో చివర అన్నది ముందుకు తెచ్చి, జవాబు ముగిసేచోట ఒక మంచి మాట తగిలించేవాణ్ణి. ఆ మంచి మాట చాలాసార్లు నాదే. అయ్యాక వాళ్ళకి చదివి వినిపించి, సరేనంటే పంపేవాణ్ణి. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. "ఇంత బాగా చెప్పానా నేను?" అని నవ్వేవాళ్ళు. ఒక కవిగారైతే నేను ఆయన నోట్లో పెట్టిన మాటని తర్వాత రెండు సభల్లో సొంతమాటగా చెప్పుకున్నారు. ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అలా అలవాటైపోయింది. పక్కవాడి నోటితో మాట్లాడే అలవాటు.

ఆమెని జైనబీ అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. బస్టాండు వెనక సందులో ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కొలతల పుస్తకానికి వెనక నుంచి తిరగేసి కథలు రాసేది. ముందు నుంచి ఊళ్ళో ఆడవాళ్ళ భుజాలు, చేతులు, వెనక నుంచి కథలు. రెండూ మధ్యలో కలిసినప్పుడు కొత్త పుస్తకం కొనేదట. అలా పోగైన పదకొండు కథలు పుస్తకంగా వేసుకుంది. లైబ్రరీ హాల్లో చిన్న సభ పెట్టారు. భర్త ఖాసిం గారు మామిడికాయల లారీ నడిపేవారు. ఆయనకి తెలుగు చదవడం రాదు. అయినా ఆ రోజు కుర్చీలు ఆయనే మోసి, టీలు ఆయనే అందించి, తోటి డ్రైవర్లందరికీ తలా ఒక పుస్తకం పంచారు. "మా ఆవిడ రాసింది" అని చూపిస్తుంటే ఆయన మొహం చూడాల్సిందే. నేను చూశాను కాబట్టే ఇది ఇంకా బరువుగా ఉంది.

ఆ పుస్తకంలో 'మంచినీళ్ళు' అని ఒక కథ ఉంది. మంచాన పడ్డ అత్తగారికి మూడేళ్ళు చాకిరీ చేసిన కోడలు. ఎండాకాలం మధ్యాహ్నం. అత్త నీళ్ళడుగుతుంది. కోడలు గ్లాసు నింపి తలుపు వెనక నిలబడుతుంది, లోపలికి వెళ్ళదు. లోపలి నుంచి పిలుపు ఆగిపోయాక ఆ నీళ్ళు తనే తాగుతుంది. రెండు పేజీల కథ. చదివి, వెంటనే మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒప్పుకోవాలంటే, కొంచెం కుళ్ళుకున్నాను కూడా. ఎమ్మే చదివిన నాకు అలాంటి రెండు పేజీలు జన్మలో రాలేదు.

సభ అయిన వారానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె హుక్కులు కుడుతూనే జవాబులు చెప్పింది. ఆ కథ దగ్గరికి రాగానే నా మామూలు ప్రశ్న అడిగాను. ఇది మీ ఇంట్లో జరిగిందేనా అని. ఆడవాళ్ళు పుస్తకం వేస్తే తప్పకుండా అడిగేవాణ్ణి. మగవాళ్ళని ఎప్పుడూ అడగలేదు. మగవాడు హత్య గురించి కథ రాస్తే ఎంత ఊహ అండీ మీది అనేవాణ్ణి. అదే ఆడమనిషి ఏం రాసినా అది ఆమె వంటింట్లోదే అయ్యుండాలి నాకు. ఆమె అత్తగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆవిడా ఎండాకాలంలోనే పోయింది, ఆవిడా మంచాన పడే పోయింది. నేనిక కలిపేసుకున్నాను.

ఆమె కుట్టడం ఆపి, లేదండీ అని చెప్పింది. ఆ వెనక ఇంకో నాలుగు మాటలు కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాను. ఇంటికెళ్ళి చక్కబెట్టడానికి కూర్చుంటే ఆ జవాబు చప్పగా కనిపించింది. కథేమో గుండె పట్టుకుంది, జవాబేమో మామూలు మాటల్లో ఉంది. దాన్ని కొట్టేసి, "అవునండీ, ఆ గ్లాసు పట్టుకుని నిలబడింది నేనే" అని రాశాను. రాసి, మళ్ళీ చదువుకుని, భలే వచ్చిందనుకున్నాను. ఏమనుకుని రాశాను? ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నానా? లేదు. ఆమె ఊసే అప్పుడు నా బుర్రలో లేదు. పేజీ బాగుండాలి, అంతే.

ఆ ఒక్కసారి చదివి వినిపించలేదు. టైము లేదని నాకు నేను చెప్పుకున్నాను. కాగితాలు కవర్లో పెట్టి విజయవాడ బస్సులో వేసిన చోటుకి ఆమె ఇల్లు ఐదు నిమిషాల నడక. చదివితే కాదంటుందని నాకు తెలుసు. తెలిసే చదవలేదు.

పత్రికవాళ్ళకి ఆ మాట తెగ నచ్చి, ఆమె ఫొటో కింద పెద్ద అక్షరాల్లో వేశారు. నాకు ఫోన్లే ఫోన్లు. వాళ్ళింట్లో మాత్రం ఆ పేజీని ఖాసిం గారి తమ్ముడు అందరినీ కూర్చోబెట్టి చదివాడట. ఆడపడుచులు ఇద్దరూ ఏడ్చుకుంటూ వెళ్ళిపోయారట. పోయే ప్రాణం గొంతులో గుక్కెడు నీళ్ళు పోయడం వాళ్ళకే కాదు, ఎవరికీ చిన్న విషయం కాదు. తెలుగు మేష్టారినైన నాకు అది తట్టలేదు.

ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పరువు కోసం అబద్ధమాడానని చెప్పుకోవడానికైనా చూసేవాళ్ళెవరూ లేరు. పత్రికని జాకెట్టు గుడ్డలో చుట్టి తెచ్చింది. వసారాలో నిలబడే ఆ పేజీ తీసింది.

"సార్, ఇది నేనన్నానా?"

"అన్నారమ్మా. నా నోట్సులో ఉంది."

"నాకు గుర్తు లేదండి."

"మాటల్లో పడితే గుర్తుండవు. రచయితలందరికీ ఇలాగే అవుతుంటుంది."

రచయితలందరికీ అన్నాను. ఆమెని ఆ మాటతో పిలిచింది ఊళ్ళో బహుశా నేనొక్కణ్ణే. అదే మాటతో ఆమె నోరు మూయించాను. ఆమె మళ్ళీ పేజీ వైపు చూసింది. ఆ వాక్యం మీద ఒకసారి వేలు పోనిచ్చింది.

"అయితే అనే ఉంటాను సార్. మీరు రాసుకున్నారు కదా."

నోటుబుక్కు నా వెనక అలమరలోనే ఉంది. చూపించండి అని ఆమె అడిగి ఉంటే? కాలేజీలో ఉందని చెప్పి ఉండేవాణ్ణి. ఇన్నేళ్ళు ఆలోచించినా వేరే జవాబు దొరకలేదు. కానీ ఆమె అడగలేదు. చదువుకున్నవాడు రాసుకున్నాడంటే అది జరిగినట్టేనని ఆమె నమ్మకం. తన చెవుల కంటే నా పెన్నుని ఎక్కువ నమ్మింది. తెలియక రాశానని చెప్పి ఉంటే చాలు కదా, పొరపాటు పడ్డాను, సవరణ వేయిస్తాను అంటే చాలు కదా. ఒక్క సవరణ. నాలుగు లైన్లు. మహా అయితే ఇంకోసారి ఆ పేజీ నాకు ఇచ్చేవారు కాదు. ఆ పేజీ కోసం అబద్ధమాడాను.

ఆమె ఇంటికెళ్ళి, అన్నానట అని చెప్పిందట. తర్వాత కథలు రాయలేదు. కొన్నాళ్ళకి మా ఆవిడ కుట్టించుకున్న జాకెట్టు ఆమె దగ్గర నుంచి పొట్లంలో వచ్చింది. విప్పి చూస్తే అది ఆమె పుస్తకంలోని కాగితం. మిగిలిన పుస్తకాలన్నీ అలా పొట్లాలకే వాడేసింది. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ కథలు అలా చేరాయి, చదివినవాళ్ళు లేరు.

నాలుగేళ్ళ తర్వాత ఒకసారి బస్టాండులో ఎదురుపడింది. ఎ.కొండూరు బస్సు కోసం నిలబడి ఉంది. తప్పుకుందామనుకునే లోపే దగ్గరికి వచ్చింది. తిట్టడానికి కాదు. ఆ నోటుబుక్కులో తన అత్త గురించి ఇంకేమైనా ఉందా అని అడిగింది. నీళ్ళు పోశాననే తనకి గుర్తట. కానీ పత్రికలో అలా ఉంది, ఇంటాయన అదే అంటాడు, ఆడపడుచులూ అదే అంటారు, ఏది జరిగిందో ఏది తను రాసిందో ఇప్పుడు కలిసిపోతోందట. ఖాసిం గారు ఆ రోజు నుంచి ఆమె చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగరట, కుండ దగ్గరికెళ్ళి తనే ముంచుకుంటారట. అది ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. కొలతలు చెప్పినట్టు చెప్పింది.

ఇల్లు మారినప్పుడు నోటుబుక్కు పోయిందమ్మా అన్నాను.

రెండో అబద్ధం మొదటి దాని కంటే నీచమైంది. మొదటిసారి ఆమె మాట తీసుకున్నాను. రెండోసారి ఆమెకి జరిగిన బతుకే లేకుండా చేశాను. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి దుప్పట్ల కింద చెయ్యి పెట్టి అది ఉందో లేదో చూసుకున్నాను.

పోయినేడు ఆమె చనిపోయింది. గుండెజబ్బన్నారు. వెళ్ళాను. ఖాసిం గారు లేచి నాకు కుర్చీ వేశారు. ఆమె రాసింది నలుగురికీ చెప్పింది మీరొక్కరే సార్ అన్నారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉంటే బాగుండేది. లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తాగాను. అప్పుడైనా చెప్పొచ్చు. తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ మాసపత్రికలో వేసిన సంభాషణలన్నీ కలిపి నా పేరుతో పుస్తకం వస్తోంది. విజయవాడ నుంచి ఒక అమ్మాయి నన్ను ప్రశ్నలడగడానికి వచ్చింది. జీవితంలో మరిచిపోలేని సంభాషణ ఏదని అడిగింది. నా నోటి నుంచి జైనబీ పేరే వచ్చింది. మర్నాడు ఫోన్లో చదివి వినిపించింది. 'ఆమె నిజాయితీ ముందు నేను తలవంచాను' అని ఉంది అందులో. నేను ఆ మాట అనలేదు. ఇంత బాగా చెప్పానా నేను అని నవ్వి, సరేనన్నాను. ఫోను పెట్టేశాక, జైనబీతో సంభాషణ ఒక్కటి పుస్తకంలోంచి తీసేయమని ప్రచురణకర్తని అడిగాను. పుస్తకానికి అదే ప్రాణం అన్నారు. ఎందుకు తీసేయాలో చెప్పలేక ఊరుకున్నాను. అంటే ఆమె అనని మాట మళ్ళీ అచ్చవుతుంది, ఈసారి అట్టలో కుట్టి.

అందుకని ఇది వేరే పత్రికకి పంపుతున్నాను, పేరు లేకుండా. నా పేరు పెడితేనే ఆమె మీద పడ్డ మచ్చ పోతుందని తెలుసు. పెట్టలేకపోతున్నాను. ఊరి పేరు మాత్రం ఉంచాను. ఖాసిం గారు చదవలేరు. చదివి వినిపించేవాళ్ళు ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. దీనివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు, నన్ను క్షమించగలిగిన ఒక్క మనిషీ లేదు. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. సిగ్గులేని ఊపిరి, ఆడనీ.

నోటుబుక్కు ఎదురుగా తెరిచి పెట్టుకున్నాను. ఎడమవైపు నా ప్రశ్న ఉంది. కుడివైపు ఆమె జవాబు. ఒక్క అక్షరం చక్కబెట్టకుండా ఎత్తి రాస్తున్నాను.

"లేదండీ. మా అత్తకి ఆఖర్న నీళ్ళు నేనే పోశా. చెంచాతో. మూడు చెంచాలు తాగింది. నాలుగోది పక్కకి కారిపోయింది, నా చెయ్యంతా తడిసింది. తర్వాత ఎన్నాళ్ళో భయమేసిందండీ, ఆ టైముకి నేను పక్కన లేకపోతే ఏమయ్యేదా అని. ఆ భయమే రాశా. అంతేనండి, ఇంకేం లేదు."