చింతపండుతో చెరిపిన ఆకు

ఒక ఆకు ఎంత బరువుంటుంది? అదీ రాతిలో అచ్చుపడిన, బొటనవేలంత ఆకు. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. దింపే చోటు దొరకలేదు. నా పేరు చెప్పను. పుత్తూరులో చిల్లర అంగడి పెట్టుకున్నవాణ్ణి, అంతవరకు తెలిస్తే చాలు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా పక్క అంగడిలో మస్తాన్ బట్టలు కుడతాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, శిలాజాలు. ఎన్నో యుగాల కిందటి ఆకో గవ్వో రాయిగా మారి ఎక్కడో దాక్కుని ఉంటుందని ఒక పాత పత్రికలో చదివాం. పొట్లాలు కట్టడానికి తెచ్చిన కాగితాల్లో దొరికింది ఆ పత్రిక. అంతే, ఆదివారం వస్తే కొండలే. ఊళ్లో మమ్మల్ని రాళ్ల పిచ్చోళ్లనేవారు.

మా వైపు కొండల్లో అలాంటివి దొరకవు. దొరికేవన్నీ మరకలే. రాతి పగుళ్లలో నల్లగా, అచ్చం చెట్టుకొమ్మల్లా పాకి ఉంటాయి. వాటినే ఆకులనుకుని మోసుకొచ్చేవాళ్లం. సరుకుల కోసం తిరుపతి వెళ్లినప్పుడల్లా నేను వాటిని కాలేజీలో ఒక మాస్టారుకి చూపించేవాణ్ణి. ఆయన చేతిలోకి కూడా తీసుకోకుండా, నన్ను కూర్చోమనకుండా, మరక అని పంపించేసేవారు. ఆ అవమానం పడలేక మస్తాన్ ఒక పరీక్ష కనిపెట్టాడు. ఇత్తడి చెంబు తోమినట్టు రాతిని చింతపండుతో తోమాలి. పోతే మరక, పోకపోతే ఆకు. మాకు అదే వేదం. తోమిన ప్రతిదీ ఎంతో కొంత వెలిసిపోయేది.

ఒక వేసవిలో సత్యవేడు వైపు కొత్త బావి తవ్వుతున్నారని తెలిసి బస్సెక్కి వెళ్లాం. గట్టున తెల్లమన్ను గడ్డలు పోసి ఉన్నాయి. మస్తాన్ ఒక గడ్డను కత్తెర మొనతో విడదీస్తే వేరుశనక్కాయలా రెండు చెక్కలైంది. ఒక చెక్కలో ఆకు, రెండో చెక్కలో దాని అచ్చు. ఈనెలతో సహా. అతను కేక కూడా వెయ్యలేదు, చెయ్యూపి నన్ను పిలిచాడు. కొత్తగా నాకు కుట్టిన చొక్కాలో మిగిలిన గుడ్డముక్కలో ఒక చెక్క చుట్టి నాకిచ్చాడు, మాస్టారుకి చూపించమని. రెండోది తన దగ్గర ఉంచుకున్నాడు.

మాస్టారు ఆ గుడ్డ విప్పి, చెక్కను చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. తర్వాత నాకు కుర్చీ వేయించారు. టీ తెప్పించారు. ఇది నిజమైన ఆకేనని, తడి తగలనివ్వద్దని, మెత్తటి మన్ను గనక చెరిగిపోతుందని చెప్పారు. ఎవరికి దొరికిందని అడిగారు.

నాకేనన్నాను.

నోరు జారిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ కుర్చీలోంచి లేవాలనిపించలేదు. మస్తాన్ పేరు చెబితే ఆ గౌరవం సగమైపోతుందనిపించింది. రెండో చెక్క ఏదని ఆయన అడిగితే, పొడైపోయిందన్నాను. ఆ మాట అన్న క్షణం నుంచి మస్తాన్ దగ్గరున్న చెక్క నన్ను భయపెట్టడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం బస్సు దిగి, మా అంగడిలో చింతపండు పొట్లం కట్టుకున్నాను. చూశారా, నేను తయారై వెళ్లాను.

మస్తాన్ మిషను ఆపి లేచాడు.

"ఏమన్నాడప్పా అయ్యవారు?"

"మరకే అంట. ఆడనే పారేసినాడు."

"బాగా సూసినాడా? ఈనెలు ఉండాయే!"

"నీ దగ్గరుండే చెక్క తీ. మన పరీక్ష మనమే పెడదాం."

అతను నమ్మకంగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను చింతపండు తడిపి తోమాను. నీళ్లు తగలగానే మన్ను కరిగింది. ఆకు పోయింది. నా వేళ్లకు తెల్లటి బురద మిగిలింది.

"పోయిందప్పా," అన్నాడు మస్తాన్. "పోతే మరకని నేనే కదా చెప్పినాను. నా కంటిని నమ్మి నీ ఆదివారాలన్నీ పాడుచేసినాను. ఏమనుకోవాకు."

నన్ను క్షమాపణ అడిగాడు. నేను సరేనన్నాను!

ఆ తర్వాత అతను మళ్లీ కొండకు రాలేదు. ఏరిన రాళ్లన్నీ అంగడి ముందు వానకు పడిన గుంటలో పోసి పూడ్చేశాడు. రోజూ వాటి మీద నడుచుకుంటూనే నేను వెళ్లి అంగడి తెరుస్తాను. అతను కుట్టిన ఆ చొక్కా ఒక్కసారి కూడా తొడగలేదు. బిగుతైందా, విప్పి కుడతానని మస్తాన్ అడిగినప్పుడల్లా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏదో ఒక సాకు వెతుక్కునేవాణ్ణి.

రాతి ఆకు ఇప్పుడు కాలేజీ ఆఫీసు ఎదుట అద్దాల బీరువాలో ఉంది. కింద చీటీ మీద నా పేరు, మా ఊరి పేరు. ఆ సంగతి తిరుపతిలోనే వదిలేశాను, పుత్తూరులో ఎవరికీ చెప్పలేదు. తిరుపతి వెళ్లొచ్చిన ప్రతి మనిషి మొహంలోకీ భయంగా చూడటం అలవాటైపోయింది.

ఇప్పుడు మస్తాన్ కూతురికి ఆ కాలేజీలోనే సీటు వచ్చింది. సోమవారం చేర్చాలి. నీకు ఆడ అందరూ తెలుసు గదా, తోడు రాప్పా అని అడిగాడు. వస్తానన్నాను. ఎందుకన్నాను? రాకపోతే అనుమానిస్తాడనా, లేక దొరికిపోతే బాగుండుననా? రెండు గుడ్డముక్కలు చూస్తే ఏది దేనికి అతుకుతుందో చెప్పేవాడు, తాను విడదీసిన చెక్కను గుర్తుపట్టడా? బస్సులోనే చెప్పేయాలనుకుంటున్నాను. చెబుతానో లేదో తెలియదు. చెప్పినా అతను కొండకు వెళ్లని ఆదివారాలు తిరిగిరావు, నేను చెరిపిన చెక్కా రాదు. అతను క్షమిస్తాడనే నాకు ఎక్కువ భయం.

ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలి.

ఆ ఆకు మస్తాన్‌కి దొరికింది. నాకు కాదు.