వెనక గదికి గాలి

ఎండాకాలం వస్తే మా ఇంట్లో హాలు నాది కాదు. వాకిలి తలుపు పక్కనే కూలర్ ఉంది. దాని గాలికి ఎదురుగా మా అక్క చాట ముందేసుకుని బీడీలు చుడుతుంది. ఆ తేమకు తునికాకు పెళుసెక్కదని వాడకట్టు ఆడవాళ్లు కూడా తమ చాటలతో వచ్చేస్తారు. పొగాకు నలుసు పడితే నాకు తుమ్ములు. డైరీలో ఒక వాక్యం పూర్తయ్యేలోపు పెన్ను పేజీ దాటి పోతుంది.

నా హాలు నాకు దక్కాలంటే వాళ్లు వెనక గదికి మారాలి, వాళ్లు మారాలంటే గాలి అక్కడికి పోవాలి. కూలర్ నుంచి ఒక రేకు గొట్టం సజ్జ మీదుగా వేయించాను. రెండు మలుపులు తిరిగేసరికి గాలి అలసిపోయింది. అవతలి చివర పెట్టిన అగరుబత్తి పొగ నిటారుగా లేచింది. దాంతో గొట్టం మధ్యలో గాలిని ముందుకు తోసే ఫ్యాను ఒకటి బిగించాలని తేల్చుకున్నాను.

ఉద్యోగమంతా బోధన్ దగ్గర చెరకు బండ్ల తూకంలో గడిపినవాణ్ని. కొలవకుండా ఏదీ కొనను. గొట్టం వెడల్పు, మలుపులు కాగితం మీద గీసుకుని నిజామాబాద్‌లో మోటార్ల దుకాణానికి వెళ్లాను. గొట్టంలో పట్టే ఫ్యాను ఇచ్చారు. రెగ్యులేటర్ మాత్రం ఇంట్లో పడి ఉన్న పాత సీలింగ్ ఫ్యానుదే తగిలించాను. ఎక్కువలో పెడితే తిరిగింది. తక్కువలో పెడితే కదలకుండా మూలిగింది. కాసేపటికి మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

మా ఆవిడ గది గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

"ఇంట్ల ఒక గురక ఉండనే ఉన్నది. ఇంకోటి తెచ్చిండ్రా?"

మళ్లీ వెళ్తే దుకాణదారుడు తప్పంతా రెగ్యులేటర్‌దే అన్నాడు. "గీ సన్న మోటరుకు గా రెగ్యులేటర్ నడ్వది సార్. తక్కువల గూడ తిరిగే కెపాసిటర్ మోటర్ తీస్కోండ్రి, దాని జోడీ రెగ్యులేటరే పెట్టుండ్రి." కూలర్ గాలి తడిగాలి కాబట్టి, లోపలికి నీరు దిగకుండా మూసిన మోటారు, తుప్పు పట్టని బేరింగులు చూసుకోమని కూడా చెప్పాడు. ఈసారి అన్నీ రాసుకుని కొన్నాను.

అక్కను పిలిచే ముందు పరీక్ష పెట్టాను. చాటలో గుప్పెడు పొగాకు పోసి గొట్టం ముందు ఉంచాను. రెగ్యులేటర్ నాలుగు మీద పెడితే పొగాకు గోడ క్యాలెండర్‌కు అంటుకుంది. మూడు మీద నా కళ్లలో పడింది. రెండు మీద ముఖానికి చల్లగా తగిలింది, పొగాకు కదల్లేదు. తుమ్ముతూనే రెండు దగ్గర ఎర్ర గుర్తు పెట్టాను.

అక్క వచ్చి కూర్చుంది. ఒక కట్ట చుట్టింది, చాట ఎత్తుకుని లేచింది.

"గాలి మంచిగున్నది తమ్మీ. కని ఈడికెల్లి గల్లీల ఎవలు పోతున్నరో కనవడ్తలేదు."

"మరి ఇన్నేండ్లు కూలర్ ముందలనే కూసుంటివి గదక్కా?"

"నేను తలుపు కాడ కూసున్న. కూలర్ తెచ్చి ఆడ పెట్టింది నువ్వే."

ఆ సాయంత్రమే నా బల్ల వెనక గదికి మారింది. చల్లదనం ఉంది, తుమ్ములు లేవు, రాత బాగా సాగింది. మర్నాడు గుర్తు పెట్టిన రెండు మీద కూర్చుంటే గొట్టంలోంచి గాలితోపాటు హాల్లో ఆడవాళ్ల మాటలు వచ్చాయి. మూడు మీద పెడితే ఉత్త హోరు. ఒకటికి దించితే ఎవరి కోడలు ఏమన్నదో తు.చ. తప్పకుండా వినిపించింది. అంత నెమ్మదిగా తిరిగినా మూలగని మోటారు అది. దుకాణదారుడు ఈ సంగతి చెప్పలేదు.

అప్పటి నుంచి ఒకటి మీదే పెట్టుకుంటున్నాను. కొంచెం చెమట పడుతుంది.

నిన్న వాళ్ల మాటలు నా మీదికి మళ్లాయి. నేను మోటారుకు మోటారు మార్చిన కథ మా ఆవిడ చెబుతుంటే అందరూ నవ్వారు. పెన్ను మూసి గొట్టం కిందికి కుర్చీ జరుపుకున్నాను. నవ్వులు ఆగాక అక్క గొంతు పెంచకుండానే అన్నది:

"విన్నకాడికి సాలు తమ్మీ. మరదలు ఛాయ్ పోసింది, రా."

జవాబిస్తే దొరికిపోతాను. ఇవ్వకపోతే ఛాయ్ చల్లారుతుంది. రెగ్యులేటర్‌ను మూడుకు తిప్పి, చాలాసేపు ఏదో రాస్తూ ఉండి ఇప్పుడే లేచినవాడిలా కళ్లద్దాలు తుడుచుకుంటూ హాల్లోకి నడిచాను.