కత్తెరక్క కత్తిరించని మాట

ఆమె మెడలో ఎప్పుడూ ఒక రిబ్బను, దానికి చిన్న కత్తెర వేలాడుతుండేవి. అందుకే ఇక్కడి తెలుగువాళ్ళంతా ఆమెను కత్తెరక్క అనేవారు. బస్సులు ఆగే చోట, చెప్పులు బాగుచేసే కొట్టుకీ తాళాలు చేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది ఆమె దుకాణం. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతు కోట్లు వదులు చేయడం ఆమె పని. ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇక్కడి భాష ఆమెకు బడిలో రాలేదు. పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని, కొలతకు నిలబడ్డవాళ్ళ దగ్గర నేర్చుకుంది. "అందుకే నేను మాట్లాడితే సూదులు మింగినట్టు ఉంటుంది" అని తనే నవ్వేది.

వారంలో రెండు మధ్యాహ్నాలు దుకాణం మూసి, నాలుగు వీధుల అవతల ఉన్న కౌన్సిలింగ్ కేంద్రానికి వెళ్ళేది. కొత్తగా దేశంలోకి వచ్చి, కాలూ చెయ్యీ ఆడక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక కుంగిపోయేవాళ్ళ కోసం నడిపే కేంద్రం అది. తెలుగువాళ్ళు వస్తే వాళ్ళ మాట కౌన్సిలర్‌కీ, కౌన్సిలర్ మాట వాళ్ళకీ ఆమె చెప్పాలి. గదిలో మూడు కుర్చీలు, కాగితపు రుమాళ్ళ డబ్బా, చెప్పుకునేవాళ్ళకి కనబడకుండా వెనక గోడకి గడియారం. అక్క కుర్చీని కావాలనే కాస్త వెనక్కి వేసేవారు, వచ్చిన మనిషి కౌన్సిలర్‌ని చూస్తూ మాట్లాడాలని. ఎవరూ అలా మాట్లాడలేదు. అందరూ మెడ తిప్పి అక్కతోనే చెప్పుకునేవారు.

పనిలో చేరిన రోజు ఆమె సంతకం పెట్టిన కాగితంలో ముఖ్యమైన నియమం ఒకటే. అన్నది అన్నట్టు చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు.

రెండో నెలలోనే ఆ నియమం ఒక ఇంటిని కుదిపేసింది. బడి వంటగదిలో పనిచేసే ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, వచ్చి కూర్చుంది. "ఈ చిన్నోడు నన్ను చంపుకు తింటున్నాడండీ. ఏదో ఒకరోజు వీణ్ణి చంపేసి నేనూ చస్తాను, పీడా పోతుంది" అంది. అని ముక్కు చీది, నవ్వింది కూడా. మన ఇళ్ళలో రోజుకు నాలుగుసార్లు వినబడే మాటే. అక్క నియమం ప్రకారం మాటకు మాట అప్పజెప్పింది. కౌన్సిలర్ పెన్ను కింద పెట్టింది. ఆ సాయంత్రమే పిల్లల భద్రత చూసే ఇద్దరు అధికారులు వంటామె తలుపు తట్టారు. పిల్లలిద్దరూ పంతొమ్మిది రోజులు వేరేవాళ్ళ ఇంట్లో ఉన్నారు.

ఇరవయ్యో రోజున వంటామె దుకాణం మీదకు వచ్చిపడింది.

"నీ నోరు పడిపోను! నేనేమన్నాను, నువ్వేం చెప్పావు?"

"నువ్వన్నదే చెప్పానమ్మా."

"అన్నది చెప్తారా ఎవరైనా? అనుకున్నది చెప్పాలి గానీ!"

ఆ తరవాతి మంగళవారం నుంచి అక్క బట్టలతోపాటు మాటలు కూడా కత్తిరించడం మొదలుపెట్టింది. "పనితో చచ్చిపోతున్నా" అంటే, అలసిపోయింది అని చెప్పేది. "నా ప్రాణాలు తోడేస్తున్నారు" అంటే, ఇంట్లో సాయం లేదు అని. "ఎందుకొచ్చిన బతుకు" అంటే, సొంతవాళ్ళు గుర్తొస్తున్నారు అని. "మన మాటల్లో ఇన్ని చావులున్నాయని, కూర్చుని ఏరితే గానీ తెలియలేదు అమ్మాయ్" అంది తరవాత నాతో. "బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేదాన్ని." రెండేళ్ళు ఏరింది. ఎవరి తలుపూ ఎవరూ తట్టలేదు.

ఆ రెండేళ్ళ చివర్లో నేను వెళ్ళాను.

మా ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. అంతకుముందు నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసేదాన్ని. ఇక్కడ మూడో అంతస్తులో గదిన్నర ఇల్లు, ఎనిమిది నెలల పాప. పాప తాగిన పాలు మిల్లీలీటర్లలో, నిద్ర నిమిషాల్లో, గది ఉష్ణోగ్రత రెండు గంటలకొకసారి, గోడకు అంటించిన పట్టికలో రాసేదాన్ని. "ఇది పిల్లా, ప్రయోగమా?" అని మా ఆయన నవ్వేవాడు. రాయడం ఆపితే పాప ఊపిరి ఆగిపోతుందని నా భయం. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు. టీకా వేసే నర్సు పాపని వదిలేసి నా ముఖమే చూసి, కౌన్సిలింగ్‌కి చీటీ రాసిచ్చింది.

నాలుగు మంగళవారాలు వెళ్ళాను. ఏమడిగినా "పర్లేదండీ" అన్నాను.

"నీతో నాకు పనే లేదు అమ్మాయ్. కొలతకి కుట్టిన బట్టలా మాట్లాడతావు" అంది అక్క, ఒకసారి మెట్లు దిగుతూ. నిజమే, నా నోట చావు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. వంటామెకి అది పెదవుల మీద ఉండేది. నాకు అక్కడ లేదు.

ఐదో మంగళవారం పాపను తీసుకెళ్ళలేదు.

"ఈ వారం ఎలా గడిచింది?" కౌన్సిలర్ అడిగింది, అక్క చెప్పింది.

"బాగుందండీ. పట్టిక అంతా సాపు రాసి మా ఆయనకి ఇచ్చేశాను. పాలు కలపడం, జ్వరం మందు కొలత, ఏ పక్కకి తిప్పితే పాప పడుకుంటుందో, అన్నీ నేర్పేశాను. ఇక నేను చూడాల్సిందేం లేదు."

అక్క అది అన్నట్టే చెప్పింది. కౌన్సిలర్ ముఖం విప్పారింది. భారం పంచుకోవడం చాలా మంచి మార్పు అంది. కాగితం మీద టిక్కు పెట్టి గడియారం చూసింది. ముగ్గురం లేచాం. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "వెళ్తానక్కా" అన్నాను.

అక్క చెయ్యి కుర్చీ మీదే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"వెళ్తానన్నాను."

"ప్రతిసారీ వెళ్ళొస్తానక్కా అనేదానివి."

నేను తలుపు పిడి పట్టుకున్నాను.

"వెళ్ళొస్తానను. అంటే వదిలేస్తాను."

నోరు తెరిచాను. మాట రాలేదు. "పర్లేదు" అని ఎన్నిసార్లయినా అనగలను, అందులో ఏమీ లేదు. ఇది అలాంటి మాట కాదు. చూడని రీడింగు రాయకూడదని ల్యాబులో నేర్చుకున్నదాన్ని.

ఏం జరుగుతోందని కౌన్సిలర్ అడిగింది. ఆమెకి వినబడింది మామూలు వీడ్కోలే. అక్క నా వైపు చూసింది. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను. చెప్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. వంటామె కథ తెలియని తెలుగు తల్లి ఇక్కడ లేదు.

"ఇది ఆమె అన్న మాట కాదు, నా మాట" అంది అక్క ఇక్కడి భాషలో. ఆ మాత్రం నాకు అర్థమైంది. "మా భాషలో గడప దాటేవాళ్ళు వెళ్తాను అనరు. పక్క వీధికైనా సరే, వెళ్ళి వస్తాను అంటారు. ఈ అమ్మాయి వస్తాను అనడం లేదు."

కౌన్సిలర్ మళ్ళీ కూర్చుంది, మమ్మల్నీ కూర్చోమంది. నన్ను చూస్తూ ఒక చిన్న ప్రశ్న వేసింది. అక్క నోరు తెరిచి మూసుకుంది. మనసు బాగాలేదా అని అడుగుతున్నారు, అంటే సరిపోయేది. రెండేళ్ళుగా చేస్తున్న పని అదే. కత్తెరను గుప్పిట్లో పట్టుకుంది.

"చచ్చిపోవాలనుకుంటున్నావా అని అడుగుతున్నారమ్మా."

"అవును."

ఆ ఒక్క మాటనీ ఆమె ఒక్క మాటగానే చెప్పింది.

ఆరోజు నేను ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాను. ముప్పై నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. పాప మా ఆయన దగ్గరే ఉంది. వారానికోసారి ఒక అధికారి వచ్చి చూసి వెళ్ళేది. నేను రాసిచ్చిన పట్టిక చూస్తూనే ఆయన పాలు కలిపేవాడట. ఎందుకు అంత వివరంగా రాశానో అప్పుడు తెలిసిందట.

అక్క పని పోయింది. నా కోసం నోరు విప్పినందుకు కాదు. "ఇంతకుముందు ఎవరూ ఇలా అనలేదా?" అని మర్నాడు కౌన్సిలర్ అడిగితే, కత్తిరించినదంతా ఒప్పేసుకుంది.

"ఎందుకు చెప్పావక్కా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నువ్వు దొరికావు. దొరకనివాళ్ళో? అన్ని 'చచ్చిపోతున్నా'ల్లో ఒక్కటి నిజమైతే?"

ఇప్పుడు ఆమె వాళ్ళను వెతుకుతోంది. కేంద్రంలో పేర్లు రాసుకోకూడదు కాబట్టి ముఖాలు, కోట్లు మాత్రమే గుర్తు. విచిత్రంగా వంటామే తోడు తిరుగుతోంది. "నీ మొహానికి అడగడం కూడా రాదు, పద, నేనడుగుతా" అని తిడుతూనే. పద్నాలుగు మంది దొరికారు. చాలామంది నవ్వారు. ఒకామె తలుపు పట్టుకుని ఏడ్చింది. "ఎందుకొచ్చిన బతుకు" అన్న ఆకుపచ్చ కోటు ఆమె మాత్రం ఎక్కడా లేదు. వాకబు చేస్తే ఆమె ఉన్న ఇల్లు తెలిసింది గానీ, ఖాళీ చేసి వెళ్ళిపోయింది, ఫోను మోగదు. బస్సు ఆగినప్పుడల్లా అక్క మిషను ఆపి తలెత్తుతుంది. ఎవరెవరో దిగుతారు. మళ్ళీ తొక్కుతుంది.

వారానికోసారి పాప గౌను ఏదో ఒకటి పట్టుకుని నేను దుకాణానికి వెళ్తాను. తిరిగి వచ్చేముందు వెళ్ళొస్తానక్కా అన్న ఆ మాట అనాలని మా ఒప్పందం. ఒక్కోసారి గుమ్మంలోనే వచ్చేస్తుంది. ఒక్కోసారి రాదు. రానప్పుడు అక్క కాలితో స్టూలు నా వైపు నెడుతుంది. కూర్చుంటాను. ఆమె కుడుతూ ఉంటుంది, పాప బొత్తాల డబ్బా బోర్లిస్తూ ఉంటుంది. పాలూ నిద్రా రాయడం మానేశాను గానీ, ఇదొక్కటి రాస్తున్నాను.

నిన్న నలభై రెండు నిమిషాలు పట్టింది.