వదిలేసిన దెబ్బ

మొన్న సాయంత్రం నాంపల్లిలో మెట్రో దిగి నడుస్తుంటే ఎదురుగా ఒక బరాత్ వస్తోంది. డీజే బండిలోని దరువు ముందు అరికాళ్లకు తగిలి, తర్వాత చెవికి చేరింది. అది నా పాటే. ఎవరో కొత్తగా మిక్స్ చేశారు. తన పాట పెళ్లిలో మోగితే ఏ ర్యాపరైనా మురిసిపోతుంది. నేను మాత్రం ఉన్నచోటే ఆగిపోయాను. నర్సింగ్ కాక డప్పు మీద కావాలని వదిలేసిన దెబ్బను వాళ్లు చేర్చేశారు.

నర్సింగ్ కాక మా గల్లీ చివర ఉండేవాడు. పెళ్లికీ, బోనాలకీ, చావుకీ డప్పు కొట్టేవాడు. నేను కంప్యూటర్ బీట్ మీద ర్యాప్ చేసుకుంటుంటే ఒకరోజు గుమ్మం దగ్గర ఆగి విన్నాడు. "మాటలు మంచిగున్నయ్ బిడ్డా. గీ దరువుకే పానం లేదు" అన్నాడు. అలా మొదలైంది మా జోడీ. హిప్ హాప్‌లో డప్పేంటని నా స్నేహితులు నవ్వారు, డప్పు పరువు తీస్తున్నాడని ఆయన జతగాళ్లు సణిగారు. ఆయన ఎవరినీ లెక్కచేయలేదు. దేనికీ జంకని మనిషి అనుకున్నాను.

మా అన్న బండి ప్రమాదంలో పోయాక అతని మీద ఒక పాట రాశాను. దానికి చావు దరువే కావాలని కాకను అడిగాను. అబిడ్స్‌లో మేడ మీద చిన్న రికార్డింగ్ గది. ఏసీకి డప్పు వదులైతే మెట్ల మీద పాత పేపర్లు కాల్చి కాచుకొచ్చాడు. కానీ కొట్టలేదు.

"సావుకాడ కొడితే ఆడికే అయిపోతది. మిషిన్ల వెడితే ఎవల లగ్గంల మోగుతదో ఏమో. నాకు భయమైతుంది బిడ్డా."

"గివన్నీ నమ్ముతవా కాకా?"

"నమ్ముడు కాదు. ఇంట్ల కోడలికి నెలలు నిండినయ్."

ఆ మాటతో నాకూ భయమేసింది. చివరికి దారి ఆయనే చెప్పాడు.

"ఆఖరి దెబ్బ ఇడిచిపెడ్త. అది లేకుంటే సావు దరువు కాదు. ఆ జాగల నీ మాట వెట్టు."

"లెవ్వు" అని పెట్టాను. పడుకున్న అన్నను రోజూ అలాగే లేపేదాన్ని. ప్రతి చుట్టు చివరా డప్పు ఆగుతుంది, నా గొంతు ఒక్కటే వినిపిస్తుంది. రెండు సంగీతాలు కలపడమంటే ఒకదాని మీద ఇంకొకటి పోయడం అనుకునేదాన్ని. ఒకటి కాస్త జరిగి ఇంకొకదానికి చోటివ్వాలని ఆ రోజు తెలిసింది.

నిరుడు కాక పోయాడు. ఆయన వాకిట్లో కొడుకులు డప్పు కొట్టినప్పుడు ఆ దరువును ఆఖరి దెబ్బతో సహా విన్నాను. నా నోరు దానంతటదే "లెవ్వు" అంది. పాడె లేచింది.

ఇప్పుడు నా మాట ఉండాల్సిన చోట అదే దెబ్బ బరాత్‌లో పడుతోంది. బండిలో పెళ్లికూతురు నవ్వుతోంది. ఇవన్నీ నేను నమ్మనని నాకు నేనే చెప్పుకున్నాను, కాళ్లు మాత్రం గుంపులోకి పరుగెత్తాయి. పాట ఆపమని డీజేను బతిమాలాను. ఆ హోరులో అతనికి వినపడలేదు. చుట్టు తిరిగి దరువు మళ్లీ చివరికొస్తోంది. ఊపిరి పట్టి, ఆ దెబ్బ పడే చోట గొంతు చించుకుని "లెవ్వు" అని అరిచాను. తర్వాతి చుట్టులోనూ అరిచాను. జనం హుషారనుకుని నాతో గొంతు కలిపారు. పాట అయ్యేదాకా ఆ దెబ్బను ఆ పిల్ల చెవిన పడనివ్వలేదు.