నలభై రెండు వాక్యాలు

2007 జూన్‌లో ఒక మంగళవారం ఉప్పుగూడలో లోకల్ రైలెక్కాను. ఎదురు సీటులో ముప్పై ఏళ్ళ మనిషి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, తెలుగు పేపర్ చదువుతున్నరు కద. జర మా గేమ్ చూడుండ్రి."

అతని కంపెనీ చేసిన ఆ గేమ్ ఐదు భాషల్లో ఉందట. భాషకొక ఫైలు రాసి, కోడ్‌లో ఒక్క లైను కలిపితే తెర మీద మాటలన్నీ మారిపోతాయట. ఆరోదిగా తెలుగును అతనే, ఎవరూ అడక్కుండా, రెండు నెలలు లంచ్ టైముల్లో రాశాడు. ఆ రోజే ఆఫీసులో చూపించాలి. పై అధికారి ఒప్పుకుంటేనే ఉంటుంది.

"మా చెల్లె తెలుగు మీడియం అమ్మా. గేమ్ మస్తు ఆడుతది. తెర మీద ఇంగ్లిష్ వస్తే చదివి చెప్పుమని నన్ను పిలుస్తది."

తెర మీది తెలుగు మొత్తం చదివాను. ఇంగ్లీషు మాటల కొలతకు గీసిన గళ్ళలో తెలుగు పట్టక చివర్లు తెగిపోతున్నాయి.

"నలభై రెండు వాక్యాల్లో పందొమ్మిది తెగాయి. ఇలాంటి తెలుగు ఉండేకంటే లేకపోవడమే నయం" అన్నాను.

"రెండు రోజులు టైముంటే గళ్ళు పెద్దగ చేస్తుంటి అమ్మా."

"చేశాకే చూపించాల్సింది."

పక్కనున్నావిడ నవ్వింది. అతను దిగాల్సిన స్టేషన్ వచ్చేలోపు కోడ్‌లో తెలుగు కోసం కలిపిన ఆ ఒక్క లైను చెరిపేసి, తెర నా వైపు తిప్పాడు. ఐదు భాషలే ఉన్నాయి.

"ఇప్పుడు తప్పుల్లేవమ్మా" అని కాచిగూడలో దిగిపోయాడు.

నా లెక్క తప్పు కాదు. నలభై రెండులో పందొమ్మిది పోగా ఇరవై మూడు వాక్యాలు చక్కగా ఉన్నాయి. ఆ సంగతి నాకు రైల్లోనే తెలుసు. అతనికి చెప్పలేదు.