చుక్కలు పెట్టిన నత్తలు

ఆమెకు నత్తమ్మ అని పేరు పెట్టింది జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ అటెండర్. ఎదురుగా ఎప్పుడూ అనలేదు గానీ ఇలాంటి పేర్లు దాగుతాయా? నెల తిరిగేసరికి క్యాంటీన్ దాకా పాకింది. ఆమె మాత్రం కోపం తెచ్చుకోలేదు. స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం మానేసి, మూడేళ్ళ కూతుర్ని పగలంతా తల్లి దగ్గర వదిలి, ముప్పై రెండేళ్ళ వయసులో పరిశోధనకు వచ్చిన మనిషికి పేరు గురించి అలిగే తీరిక ఎక్కడిది? పైగా ఆమె పనే నత్తలతో. ఆ పని కూడా నత్తనడకే నడుస్తోందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టేవాళ్ళూ అనేవారు.

యూనివర్సిటీ వెనక గోడ దాటితే రెల్లు కమ్మిన మడుగు ఒకటుంది. అందులో నత్త ఎన్నాళ్ళు బతుకుతుందన్నది ఆమె తేల్చాల్సిన ప్రశ్న. పద్ధతి చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నత్తల్ని పట్టుకోవాలి, గుల్లమీద రంగు చుక్క పెట్టి వదిలేయాలి, నెల తర్వాత మళ్ళీ పట్టుకుని చుక్క ఉన్నవి ఎన్ని దొరికాయో చూడాలి. నెలనెలా వెతికినా ఇక దొరకనివి చచ్చినట్టు లెక్క. ఒక్క ఏడాదిలో తేలే పని కాదు, నాలుగేళ్ళు చేస్తేగానీ ఎవరూ నమ్మరు.

నీళ్ళలో చెదరని రంగు కావాలని స్టోర్స్‌కు మూడు అర్జీలు పెట్టింది. స్టోర్స్ గుమాస్తా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. చివరికి చెల్లెలి గోళ్ళరంగు సీసా తెచ్చుకుంది. నిగనిగలాడే నారింజ రంగు. ఆమె గైడు, ఆ విభాగంలో పెద్ద ప్రొఫెసరు, సీసాను కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు.

"బాగుందమ్మా. దూరం నుంచి కూడా కనపడాలి, మనక్కావల్సింది అదేగా," అన్నాడు.

అలా మొదలైంది. తెల్లారగానే చిల్లులు పడిన రబ్బరు బూట్లు తొడుక్కుని మోకాలిలోతు బురదలో దిగేది. తీగతో చేసిన చదరపు చట్రం నీళ్ళమీద పరిచి, లోపల ఎన్ని రెల్లుకాడలున్నాయి, ఏ కాడకు ఎన్ని నత్తలు అంటుకున్నాయి లెక్కపెట్టేది. తడిస్తే సిరా అలుక్కుపోతుందని పెన్సిలుతోనే రాసేది. పదింటికల్లా ల్యాబ్‌లో ఉండాలి. అక్కడ మంచి కటకం ఉన్న మైక్రోస్కోపు ఒక్కటే, దానికి ఏడుగురు వరస. ఫార్మలిన్ వాసన చేతులకు ఎంతగా పట్టిందంటే, కూతురు ముద్ద తినిపించుకోనని మొండికేసేది. ఆ మాట చెప్పి అందర్నీ నవ్వించేది గానీ, ఇంటికెళ్ళగానే చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కునేది.

రెండో ఏడు ఒకరోజు, బకెట్లు మోస్తూ వెంట వచ్చిన అటెండర్ గట్టుమీద నిలబడి, "అమ్మా, ఈ కాకులు మీ చుక్కల నత్తల్నే ఏరుకుంటున్నట్టున్నాయి. చుక్క లేనివాటి జోలికి పోవట్లేదు," అన్నాడు.

ఆమె నవ్వేసింది. "వాటికి కూడా మీరే పేర్లు పెట్టండి. అటెండెన్సు తీసుకుందాం."

అతనూ నవ్వి ఊరుకున్నాడు. చదువుకున్న మనిషి నవ్వేసిన మాటను రెండోసారి అనే అలవాటు అతనికి లేదు. ఆ రోజు ఆ మాట చెవిన పెట్టి ఉంటే ఈ కథే లేదు. ఒక్క చూపు, మహా అయితే ఒక్క వారం పని. చుక్కలు పెట్టేది తను, లెక్కపెట్టేది తను, కాబట్టి చూసేదీ తానొక్కతే అనుకుంది. ఎంత చదివితే మాత్రం ఏం లాభం?

లెక్కలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. మిగతాచోట్ల రెండేళ్ళు బతికే జాతి, ఈ మడుగులో నాలుగు నెలలు కూడా బతకడం లేదు. గైడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మడుగు జబ్బుపడిందన్నాడు. వ్యాసం అచ్చయింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ముందు ఆయనది.

ఐదో ఏడు, థీసిస్ టైపింగులో ఉండగా, రెల్లు ఫొటో ఒకటి తక్కువైందని కెమెరా పట్టుకుని మడుగు అవతలి ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ చదునైన బండరాయి ఒకటి ఉంది. దాని చుట్టూ పగిలిన నత్తగుల్లలు కుప్పపడి ఉన్నాయి. కాకులు తెచ్చి రాతికేసి కొట్టి తిన్నవి. ఆమె అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. నూట పన్నెండు. అందులో తొంభై నాలుగింటికి నారింజ చుక్క.

మడుగులో చుక్క ఉన్న నత్త పదింటికొకటి. ఇక్కడ పదింటికి ఎనిమిది. మడుగుకు ఏ జబ్బూ లేదు. నత్తలు సుబ్బరంగా బతుకుతున్నాయి, తను చుక్క పెట్టినవి తప్ప. నాలుగేళ్ళపాటు తనే కాకులకు చూపించి చంపించింది. ఆ చావుల్ని పెన్సిలుతో నీటుగా రాసుకుని, గీత గీసి, మొత్తం వేసింది.

గుల్లల్ని రేకుడబ్బాలో వేసుకుని తిన్నగా గైడు గదికి వెళ్ళి బల్లమీద పోసింది. ఆయన ఒక గుల్లను వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేద్సార్."

"చెప్పకు. మళ్ళీ నాలుగేళ్ళు లెక్కపెడతావా? నాకింక ఏడాదిన్నర సర్వీసుంది. నువ్వేమో లెక్చరరు పోస్టుకి ఈ ఏడు వయసు దాటిపోతున్నావు. 'పక్షుల వల్ల కొంత నష్టం ఉండవచ్చు' అని ఓ వాక్యం కలుపు. అబద్ధం కాదుగా."

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఐదేళ్ళుగా ఆదివారాలు కూడా పనికి పోతూ ఆమె చదువును మోసినవాడు. నడుం పట్టేసి నేలమీద పడుకునే విన్నాడు.

"నాకు నత్తల సంగతి తెలీదు. నువ్వు మానేస్తానంటే మానెయ్. కానీ ఇంకో నాలుగేళ్ళు అని మాత్రం నన్నడక్కు. నావల్ల కాదు," అన్నాడు.

అతను కేకలేసి ఉంటే ఎదురు తిరిగేదేమో. అంత మెల్లగా చెప్పేసరికి ఆమె లేచి అతని నడుముకు మందు రాసింది.

మర్నాడు కాకుల సంగతంతా థీసిస్ కోసం ఒక పేజీ రాసింది. గైడు దాన్ని నాలుగు పంక్తులు చేశాడు. మళ్ళీ చూసి ఒక్క వాక్యం చేశాడు. బైండింగుకు వెళ్ళేనాటికి అదీ లేదు. ఎవరు తీశారని ఆమె అడగలేదు, అడిగితే పెట్టమనాల్సి వస్తుందని. వైవాకు వచ్చిన పెద్దమనిషి పట్టికల్లో గీతలు వంకరగా ఉన్నాయన్నాడు, భోజనం చేశాడు, చేయి కలిపి అభినందించాడు.

అటెండర్ మాత్రం వరండాలో ఆపాడు. "సంతోషం డాక్టరమ్మా. ఆ కాకుల సంగతి కూడా రాశారామ్మా?"

"రాశానండీ," అంది. ఇన్నేళ్ళలో ఆమె ఆడిన మొదటి పచ్చి అబద్ధం అది.

ఉద్యోగం వచ్చింది. భర్త ఆదివారాలు ఇంట్లో ఉండటం మొదలుపెట్టాడు. కూతురు పెద్దదైంది. గైడు రిటైరయ్యాడు, అటెండర్ కాలం చేశాడు. పద్నాలుగేళ్ళకు ఆమె అదే విభాగానికి అధిపతి అయింది. మంచి టీచరని పిల్లలు చెప్పుకుంటారు, నిజంగానే మంచి టీచరు. మడుగు వైపు మాత్రం పిల్లల్ని ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. బురద ఎక్కువని చెప్పేది.

అలా ఉండగా, మడుగు పూడ్చి ఇండోర్ స్టేడియం కట్టాలని యూనివర్సిటీ తలపెట్టింది. మీటింగులో ఇంజనీరు నివేదిక చదివాడు: "నత్తలు సైతం నాలుగు నెలలకు మించి మనలేని నిర్జీవమైన నీరు." కింద ఆధారం కూడా చూపించాడు. ఆమె థీసిస్, పేజీ నంబరుతో సహా.

ఆమె లేచి నిలబడింది. "ఆ లెక్క తప్పండీ. నేను పెట్టిన రంగు చూసి కాకులు తినేశాయి. మడుగు బాగానే ఉంది. నాకు అప్పుడే తెలుసు."

రిజిస్ట్రారు ఆమెకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, తెలిసి కూడా తప్పు లెక్కమీద డాక్టరేట్ తీసుకున్నారని మినిట్స్‌లో రాయమంటారా? రాస్తే మేం ఊరుకోవడానికి ఉండదు. మీ డిగ్రీ, ఈ పోస్టు, మీ కింద చేస్తున్న తొమ్మిదిమంది పిల్లల రిజిస్ట్రేషన్లు, అన్నీ తిరగదోడాలి. మీరే చెప్పండి."

అందరూ బల్లకేసి చూస్తున్నారు. ఆమె తొమ్మిదిమందినీ తలుచుకుంది. కాదు, వాళ్ళను అడ్డం పెట్టుకుంది. తలుచుకున్నది తనను తానే. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు.

"రాయకండి," అంది.

"విభాగాధిపతికి అభ్యంతరం లేదు," అని రిజిస్ట్రారు గుమాస్తాకు చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళాడు.

సోమవారం మట్టి లారీలు వచ్చాయి. బుధవారం నాడు ఆమె విద్యార్థులు నలుగురు, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ళదాకా బురదతో ల్యాబ్‌లోకి వచ్చారు. నాలుగు బకెట్లు. పైదాకా నత్తలు. ఒకదానిమీద ఒకటి పాకుతూ, అంచుల మీదికి ఎక్కుతూ, కొన్ని పిడికిలంత ఉన్నాయి.

"ఇంకా ఎన్నో ఉన్నాయి మేడం, మట్టి పడుతుంటే పైకి వచ్చేస్తున్నాయి. బకెట్లు సరిపోలేదు," అంది ముందున్న అమ్మాయి, రొప్పుతూ. తర్వాత బకెట్‌లోకి చూసి, ఆమెకేసి చూసింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "ఆ నీళ్ళలో ఇవి బతకవని మీరే కదా మేడం రాశారు. మరి ఇన్ని ఎలా బతికాయి?"

నలుగురూ జవాబు కోసం నిలబడ్డారు. చేతిలో నోటుపుస్తకం ఉన్న కుర్రాడు రాసుకోవడానికి పెన్ను కూడా తీశాడు.

"క్లాసుకి టైమైంది," అంది ఆమె. "కాళ్ళు కడుక్కుని రండి."